రాతినార

పర్లాకిమిడి దాటాక కాశీనగరం రోడ్డులో మా యార్డు.
గేటు దగ్గర తూకం రాసేది నేను.
విరిగిన ఊరంతా నా కిటికీ ముందు నుంచే పోతుంది:
మూతబడ్డ బడి గచ్చు, రైసుమిల్లు గోడ,
ఎవరి వంటింటి గట్టో, పసుపు మరక ఇంకా వదలకుండా.
మిషను నోట్లో పడి కంకరై
పార్కుల్లో నడకదారి అవుతుంది.
కూలిన ఊరు మళ్ళీ కాళ్ళ కిందికి చేరడం
మంచి పనేనని నాకో చిన్న గర్వం.

కిందటేడు వానలకి ముందు
సాహు గారి మిల్లు లోడొచ్చింది.
ఇటుకల మధ్య బూడిదరంగు ముక్కలు, అలలు అలలుగా,
అంచు అప్పడం విరిగినట్టు.
చూశాను.
"రేకు ముక్కలే బాబూ, నాలుగో అయిదో" అన్నాడు డ్రైవరు.
నాలుగో అయిదో కదా అని
రసీదు మీద 'ఇటుక' అని రాశాను.

ఆ మూడక్షరాలే ఇప్పుడు ఆసుపత్రి తోటలో దారి.
వార్డు బయట చెప్పులు విడిచినవాళ్ళు
కబురు కోసం ఒట్టికాళ్ళతో పచార్లు చేసే దారి.

కూర్మయ్య మా కావలివాడు.
రేకుల ఫ్యాక్టరీలో పద్దెనిమిదేళ్ళు రంపం పట్టాడు.
నాలుగు మెట్లెక్కి ఆగుతాడు,
వెనకబడిన ఊపిరి వచ్చి కలుసుకునేదాకా.
ఈ వేసవిలో అలాంటి ముక్కే ఒకటి దొరికితే
వేలితో ముట్టలేదు, కర్రతో చూపించాడు.
"రాతినార రా ఇది.
కప్పు మీద కదలకుండా ఉన్నన్నాళ్ళూ పడుంటాది.
ఇరిసేవా, నార లేస్తాది.
కంటికి అవుపడదు. వాసనుండదు. దగ్గయినా అప్పుడే రాదు.
ఇరవయ్యేళ్ళు కూకుంటాది లోపల, ఏటీ ఎరగనట్టు."

పువ్వుతో చేరిన నారకి వాసన అబ్బుతుందని మన మాట.
ఈ నార ఎవరితో చేరినా
ఏమీ తీసుకోదు.

ఇప్పుడు లోడు దిగకముందే
సుబాసి గమాంగో లారీ ఎక్కి చూస్తుంది.
మూతికి మాస్కు, చేతికి తొడుగు, కళ్ళు మాత్రం కొండ మీదివి.
రేకు కనబడితే ఒక్క కేక.
మిషను ఆగాలి, లారీ ఆగాలి, నా పెన్ను ఆగాలి.
తడపాలి. మళ్ళీ తడపాలి.
కొట్టకుండా, ఈడ్చకుండా,
గుమ్మంలో పడుకున్న కుక్కని దాటినట్టు
మెల్లగా తీసి రెండు పొరల పాలిథిన్‌లో చుట్టాలి.
చీపురు మాత్రం ఎవర్నీ పట్టనివ్వడు కూర్మయ్య.
చీపురు దానికి రెక్కలిస్తుందట.

సంచి మీద అంటించే కాగితం
ఒడియాలో ఒకటి, తెలుగులో ఒకటి రాయమన్నారు.
రాయబోతే ధూళి రెండింట్లోనూ ధూళే.
పాదధూళి కళ్ళకద్దుకునేవాళ్ళం
గీతకి అటూ ఇటూ కూడా.

యజమాని లెక్క వేరు:
"రోజుకి మూడు లోడ్లు పోతున్నాయి నీ రేకుల పిచ్చితో."
నిజమే. వెనక్కి పంపిన లారీ
పాతపట్నం వైపు తిరగడం నేనూ చూశాను.
అక్కడా ఒక గేటుంటుంది, గేటు దగ్గర నాలాంటివాడుంటాడు,
నాలుగో అయిదో కదా అనుకునేవాడు.
లారీ నెంబరు చెబుదామని ఫోన్ చేస్తే
"మీ ఒడిశా సంగతి మాకెందుకండీ" అని పెట్టేశాడు.
రేపు మళ్ళీ చేస్తాను.

ఆసుపత్రి దారి తవ్వించమని
రసీదు నకలు జతచేసి, కింద నా సంతకం పెట్టి
ఇంజినీరు ఆఫీసులో ఇచ్చాను.
ఫైలు నడుస్తోందన్నారు.
అందాకా దారికి అడ్డంగా తాడు కట్టారు.
తాడు కింద నుంచి దూరి పోతూనే ఉన్నారు జనం.

అందుకే డ్యూటీకి ముందు, గాలి లేవకముందే,
పైపు పట్టుకుని ఆ దారంతా తడుపుతున్నాను.
వరండాలో పళ్ళు తోముకుంటున్న ముసలామె
నిన్న నవ్వింది:
"కంకరకి నీళ్ళు పోస్తన్నావు, ఏటి మొలుస్తాది నాయనా?"
"ఏదీ మొలవకూడదనే, మామ్మా."

పైపు రెండో మలుపు దాకా అందదు.
అక్కడికి బకెట్టు.